గోళ్ల కింద నలుపు

ఆయుధ పూజ మరునాడు మా ఫ్యాక్టరీలో నాకు ఊపిరి సలపదు. హిందూపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు వరుసగా కూర్చుని చొక్కాలు కుట్టే షెడ్డు మాది. ఆ మిషన్లు ఆగకుండా చూసే పని నాది. పూజ రోజు ఒక్కో పిల్ల తన మిషన్‌ను పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తుంది. ఆ ముస్తాబంతా మరునాడు నేను దులపాలి. బెల్టుల్లోంచి చామంతి రేకులు, సందుల్లోంచి అక్షింతలు ఏరుకుంటూ సగం పూట గడిచిపోతుంది.

మొన్నటి పండగ మరునాడు మూడో వరుసలో ఒక మిషన్ తిరగనని మొండికేసింది. నూనె పోసే రంధ్రం దగ్గర వేలు పెట్టి చూస్తే వేలికి ఎర్రటి నూనె అంటుకుంది. అది కుంకుమ. అమరాపురం వైపు నుంచి కొత్తగా చేరిన పిల్ల మిషన్ పక్కనే నిలబడి, ఏడుపు ఒక్కటే తక్కువగా ఉంది.

"పనిలోంచి తీసేస్తారా మేడమ్? దేవునికని పెట్టినా" అంది.

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వేసరికి ఆ పిల్ల ఇంకా భయపడింది. అప్పుడు నా నోటి వెంట ఒక మాట వచ్చింది. "బొట్టు నుదుటన పెట్టల్ల మే. గొంతులో పోయరాదు." అని, స్క్రూడ్రైవర్ ఆ పిల్ల చేతికే ఇచ్చాను.

ఆ మాట నాది కాదు. పెనుకొండ హైస్కూల్లో మాకు కుట్టు నేర్పిన టీచరమ్మది. ఆమె చనిపోయి అప్పటికే ఏడాది దాటింది. కబురు నాకు నెల తర్వాత గానీ తెలియలేదు. మట్టి వేయడానికి కూడా పోలేకపోయాను. ఆ రోజు ఆ ఎర్రనూనె చూశాక ఆమె గురించి రాయాలనిపించింది. 'కుట్టు నేర్పిన' అని రాసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగుతోంది. రెండేళ్లు ఆమె దగ్గర కుట్టు చదివిన మాలో ఒక్కరికీ సరిగ్గా రవిక కుట్టడం రాదు.

తొంభైల మొదట్లో మా బడిలో తొమ్మిదో తరగతికి రాగానే పిల్లలకు ఒక కాగితం ఇచ్చేవారు. వొకేషనల్ పీరియడుకు ఏ సబ్జెక్టు కావాలో రాసివ్వాలి. అందులో రెండే ఉండేవి, కరెంటు పని, కుట్టు. రెండున్నాయంటే నచ్చింది ఎంచుకోవచ్చని ఎవరైనా అనుకుంటారు. అదేమీ లేదు. మగపిల్లల కాగితాల మీద కరెంటు పనికి, ఆడపిల్లల కాగితాల మీద కుట్టుకు ముందుగానే టిక్కు పెట్టి ఉండేది. మేము పేరు రాసి ఇంట్లో సంతకం చేయించుకు రావడమే. మా నాయన ఆ కాగితం చూసి చాలా సంతోషపడ్డాడు. "మంచిదే. ఇంటిపట్టున కూర్చోని నాలుగు రవికలు కుట్టుకుంటాది" అన్నాడు. నాయనకు పెనుకొండ పక్కనే రెండెకరాల వేరుశనగ చేను ఉండేది. వానను నమ్ముకుని బతికిన మనిషి కాబట్టి, నీడలో కూర్చుని చేసే పని ఏదైనా ఆయనకు గొప్పగానే కనిపించేది.

టీచరమ్మది ధర్మవరం. రోజూ ప్యాసింజరు బండికి పెనుకొండ వచ్చి, స్టేషన్ నుంచి ఏ ఆటో దొరికితే ఆ ఆటోలో బడికి చేరేది. సన్నంచు తెల్లచీర, బోడి నుదురు, మెడలో సన్నగొలుసుకు చిన్న శిలువ, ఎడమచేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం. నడక మాత్రం బండి తప్పిపోతున్నట్టే ఉండేది. బడి గంట కొట్టాక వరండాలో నడిచినా అదే వేగం.

ఆమె చేతిసంచిలో అద్దం, దువ్వెన ఉండేవి కావు. చిన్నా పెద్దా రెండు స్క్రూడ్రైవర్లు, ఒక గుడ్డపీలికల ఉండ, పొడుగు ముక్కున్న నూనె డబ్బా, ప్రార్థన పుస్తకం ఉండేవి. డబ్బా ఎప్పుడో కారి, ఆ పుస్తకం అంచులన్నీ నూనె తాగి గాజుకాగితంలా మెరిసేవి. "దేవునికి కూడా నూనె కావల్ల మే, లేకుంటే ఆయన పని కూడా కీచుమంటాది" అనేది. ఆమె ఎప్పుడూ నవ్వకుండానే నవ్వించేది.

ఇంకో సంగతి మాకు ధర్మవరం నుంచి వచ్చే ఒక పిల్ల మోసుకొచ్చింది. టీచరమ్మ రవికలు బజారులో ఒక టైలరు కుడతాడట! కుట్టు టీచరు టైలరు దగ్గరికి పోవడమా? ఆ రోజంతా మాకు అదే కబురు. ఒక ధైర్యవంతురాలు పీరియడులోనే అడిగేసింది. టీచరమ్మ ఏమాత్రం మొహమాటపడలేదు. "నాకు కుట్టు వస్తాది. కుట్టల్లంటేనే విసుగు. మిషన్ ఆగితే నాకు పండగ, తిరిగితే ఇంగేముండాది చూడనీకి?" అంది.

మా గదిలో ఆరు మిషన్లు ఉండేవి. అన్నీ తొక్కుడు మిషన్లే. మొదటి రెండు వారాలు ఎవరినీ సూదికి దారం ఎక్కించనివ్వలేదు. నేల మీద పాత చీర పరిపించి, మిషన్ తల విప్పించింది. విప్పిన ప్రతి ముక్కనూ చీర మీద పెట్టి, దాని చుట్టూ టైలరు సుద్దతో గీత గీయాలి. ఏ మరమేకు ఏ ముక్క పక్కన పెట్టామో ఆ గీత చెబుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఒక్కో గీత ఖాళీ అవుతూ రావాలి. చివరికి చీర మీద ఖాళీ గీతలే మిగిలితే పని అయినట్టు. గుడ్డ మీద కొలతలు గీసుకునే ఆ సుద్ద మా గదిలో ఏనాడూ రవిక కొలత గీయలేదు. గోడకు వేలాడదీసిన రవిక కొలతల పటం మా వైపు చూస్తూ ఎండిపోయింది.

మిషన్ బిగించాక ఆమె పరీక్ష ఒక్కటే. కళ్లు మూసుకుని తొక్కమనేది. "చూడొద్దు. చెవి పెట్టు" అనేది. తాను కూడా కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి వినేది. బాగుంటే ఏమీ అనేది కాదు. తేడా ఉంటే మాత్రం నోట్లో చింతకాయ పడినట్టు మొహం పెట్టేది. ఆ మొహం చూడకుండా ఉండాలని మేము పడ్డ పాట్లు ఏ పరీక్షకూ పడలేదు.

ప్రార్థన దగ్గర డ్రిల్లు సారు గోళ్లు చూసేవాడు. నల్లగా ఉంటే బెత్తంతో ఒకటి తగిలించేవాడు. టీచరమ్మ పీరియడులోనూ గోళ్ల పరీక్ష ఉండేది, అయితే అది పూర్తిగా తిరగబడిన పరీక్ష. పీరియడు అయ్యాక చేతులు చాపమనేది. కిరసనాయిలుతో ఒకసారి, సీకాయతో ఒకసారి కడుక్కున్నా గోళ్ల కింద సన్నటి నల్లగీత మిగిలిపోతుంది. ఆ గీత లేని పిల్ల ముందు ఆగి, "నువ్వు ఈ పొద్దు ఏం చేసినావు మే? చుట్టమై వచ్చినావా?" అని అడిగేది. ఒకే చేతికి పొద్దున బెత్తం దెబ్బ, మధ్యాహ్నం మెచ్చుకోలు. పొద్దుటి దెబ్బకు ఏడ్చేదాన్ని గానీ మధ్యాహ్నం మెచ్చుకోలు కోసం గోళ్లు కత్తిరించడం మానేశాను.

ఆ ఏడు దసరా సెలవులకు ముందు బడిలో ఆయుధ పూజ చేశారు. మా గదిలో ఆమె పద్ధతి ఆమెకు ఉండేది. తాను పూజ చేయదు, చేసేవాళ్లను వద్దనదు. "తుడిచినాక మీ ఇష్టం. తుడవనిదానికి మాత్రం పూలు పెట్టొద్దు" అనేది. మేము పొద్దున్నుంచి తుడిచాం. సాయంత్రం నా మిషన్‌కు పసుపు రాశాను, పూలు పెట్టాను. భక్తి ఎక్కువైందో, పక్కపిల్ల మిషన్ కంటే నాదే బాగుండాలన్న పోటీనో గానీ, మిషన్ తల మీద కనిపించిన ప్రతి రంధ్రానికీ చిటికెడు కుంకుమ పెట్టాను. నా కళ్లకు అవి బొట్టు పెట్టించుకోవడానికి దేవుడు చేసిన గుంతల్లాగే కనిపించాయి.

సెలవులు అయ్యి వచ్చేసరికి కుంకుమ నూనెలో నానిపోయి, లోపలికంటా దిగి, ఎండి గట్టిపడింది. చక్రం కదల్లేదు. గదంతా గుసగుసలు. అందులో ఒకటి నా చెవిన కూడా పడింది. "ఆమె దేవుడు వేరే కదా, కుంకుమ తీసేపిస్తాదేమో." ఆ మాట టీచరమ్మ కూడా విన్నదని నాకిప్పుడు అనుమానం. అప్పుడు ఆమె మొహంలో ఏమీ కనపడలేదు. మిషన్‌ను ముట్టుకోకుండా నన్ను పిలిచింది.

"ఇదెవరు పెట్టింది?"

"నేనే టీచరమ్మా."

"భక్తితోనే పెట్టినావు కదా?"

"అవును టీచరమ్మా."

"మంచిది. భక్తితోనే తీయి. నువ్వు పెట్టింది నువ్వే తీయల్ల, నేను ముట్టను." అని మిషన్ వైపు చూసి, "బొట్టు నుదుటన పెట్టల్ల మే. గొంతులో పోయరాదు" అంది. గదంతా గొల్లుమంది. ఆ నవ్వులో గుసగుస కొట్టుకుపోయింది.

ఐదు రోజులు పట్టింది నాకు. మిగతా పిల్లలు పీరియడు అయ్యాక వెళ్లిపోయినా నేను కూర్చునేదాన్ని. చీర పరిచి, సుద్దగీతలు గీసుకుంటూ ఒక్కో ముక్క తీశాను. అంతకుముందు ఎన్నిసార్లు విప్పినా మాలో నలుగురం కలిసే విప్పాం. ఒంటరిగా విప్పడం అదే మొదలు. గుడ్డను ముందుకు నెట్టే పళ్లు ఎక్కడి నుంచి కదులుతాయో, కాలితో తొక్కితే సూది ఎందుకు దిగుతుందో, ఆ దారిని అడుగడుగునా వెతుక్కుంటూ పోయాను. ఎర్రటి బురదను చీపురుపుల్లతో గీకాను. ఐదో రోజు సాయంత్రం చీర మీద ఖాళీ గీతలు మాత్రమే మిగిలాయి. కళ్లు మూసుకుని తొక్కాను. మిషన్ మెత్తగా, ఒక్కటే శ్రుతిలో పాడింది. నా జీవితంలో అంత సంతోషం అంతకుముందు నాకు తెలియదు. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు రాలేదు. టీచరమ్మ ఏమీ అనలేదు. అంటే బాగుందని!

ఆ ఐదు రోజుల్లోనే ఒకనాడు, నేను పళ్ల కింద పీలిక పెట్టి తుడుస్తుంటే, ఆమె తన సంగతి చెప్పింది. అడిగింది నేనే. కుట్టంటే విసుగైన మనిషి కుట్టు టీచరు ఎందుకయ్యిందని.

"పదో తరగతి అయినాక ఐటీఐలో చేరనీకి పోతి. ఫిట్టరు కావల్లని రాసిస్తి. ఆడున్న సారు ఆ కాగితం మడిచి నా చేతికే ఇచ్చి, ఆడపిల్లవి, కుట్టులో చేరమ్మా అన్నాడు. ఏడ్చుకుంటా ఇంటికి పోదామనుకుంటి. మళ్లా ఆలోచన చేస్తి. కుట్టులోనూ మిషన్ ఉండాది కదా! ఆడపిల్లను యంత్రం ముట్టుకోనిచ్చే సబ్జెక్టు అప్పుడు అదొక్కటే ఉన్నింది మే. అందుకని దాన్లో చేరితి."

అలా చెబుతూనే నూనె డబ్బా అందుకుని నేను తుడిచిన చోట రెండు చుక్కలు వేసింది. ఆమె మాకు రవిక ఎందుకు నేర్పడం లేదో అప్పుడు నాకు అర్థమైంది. తన కాగితం మీద ఎవరో పెట్టిన టిక్కును ఆమె మా చేత చెరిపిస్తోంది, అంతే. ఈ మాట ఆమెతో అనుంటే మళ్లీ చింతకాయ మొహం పెట్టేది.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు తెచ్చుకున్నాను. ఏ బ్రాంచీలు కావాలో అందులో వరుసగా రాయాలి, కింద నాయన సంతకం కావాలి. టీచరమ్మ సలహా చెబుతుందని చూశాను. చెప్పలేదు. "ముందు పెన్సిలుతో రాయి. ఎవరూ చూడనప్పుడు ఏం రాస్తావో అదే నీ సబ్జెక్టు" అంది. నేను మొదటి వరుసలో మెకానికల్ అని రాశాను. నాయన చూసి కాగితం పక్కన పెట్టేశాడు.

"మెకానిక్కా? లారీ కింద పడుకుంటావా? కమర్షియల్ ప్రాక్టీసని ఉండాది చూడు, టైపు కొట్టే పని. ఫ్యాను కింద కూర్చుంటావు. అదైతే సంతకం పెడతా."

ఎంత బతిమాలినా వినలేదు. పైగా నా చేతి పనితనం చూద్దామని అవ్వ రవికకు గుడ్డ తెచ్చిచ్చాడు. రెండేళ్ల చదువు ఇప్పుడు అక్కరకొస్తుందని ఆయన ఆశ. నేను బడిలోనే కూర్చుని కుట్టాను. ఒక చెయ్యి తిరగేసి అతికింది. రెండో చెయ్యి సరిగ్గానే అతికింది గానీ మెడ ఉండాల్సిన దగ్గరికి వచ్చింది. అవ్వ అది చూసి, "బాగుండాది, దీన్ని ఎవరేసుకోవల్ల?" అని అడిగింది.

దరఖాస్తుకు మరునాడే ఆఖరు రోజు. నాయన ఆ రవికను చంకలో పెట్టుకుని, నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని బడికొచ్చాడు. మా గదిలో టీచరమ్మ ఒక్కతే ఉంది. నాయన రవికను బల్ల మీద పరిచాడు.

"రెండేండ్లు ఏం నేర్పినారు టీచరమ్మా మా పాపకు? ఇది రవికనా? దీన్ని దిష్టిబొమ్మకు తొడిగినా అది చేన్లోంచి లేచి పోతాది."

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. టీచరమ్మ రవికను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిజమేనప్పా. రవిక నేను నేర్పలేదు. ఆ తప్పు నాదే, పాపది కాదు. నేను నేర్పింది వేరే. అది చూసి నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు, పడతా." అని తన సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి నాయన చేతికిచ్చింది. "ఈడ మూడు మిషన్లు బాగుండాయి. యాడ కావల్లంటే ఆడ తిప్పు, చెడగొట్టు. మేము చూడము. తర్వాత నువ్వే తొక్కు. ఏం చెడిపోయిందో నీ బిడ్డ వెనక్కి తిరక్కుండా చెప్తాది."

నాయన ఆ స్క్రూడ్రైవర్ వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. చెడగొట్టమని అడిగితే కాదనే మగవాడు మా వైపు ఇంకా పుట్టలేదు. పంచె ఎగగట్టి కూర్చున్నాడు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. టీచరమ్మ కూడా ఒక కుర్చీ లాక్కుని నా పక్కనే గోడకు తిరిగి కూర్చుంది. మా ఎదుట రవిక కొలతల పటం. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ వేడిగా ఉండే ఆ అరచెయ్యి ఆ రోజు చల్లగా ఉంది. నా చదువొక్కటే కాదు, ఆమె రెండేళ్ల పని కూడా ఆ గదిలోనే తేలిపోతుందని ఆ చెయ్యి పట్టుకున్నాకే నాకు తెలిసింది.

మొదటి మిషన్ తొక్కాడు. చప్పుడులో చప్పట్లు కొట్టినట్టు ఒక దెబ్బ వినిపించింది.

"బెల్టు కొక్కెం వదులు చేసినావు నాయనా. బెల్టు జారి కొట్టుకుంటాంది."

వెనక కుర్చీ జరిపిన చప్పుడైంది. రెండోది తొక్కాడు. టిక్కుమని ఇనుము ఇనుముకు తగిలింది.

"సూది మర వదులైంది. సూది జారి కింద పలకకు తగుల్తాంది. ఆపు, విరుగుతాది."

ఠక్కున ఆపేశాడు. మూడోది తొక్కాడు. చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. ఇంకా తొక్కమన్నాను. తొక్కాడు. ఎంత విన్నా మెత్తగా ఒకటే పాట. దారం బిగువని చెబుదామా? పళ్లలో ఏదో అని చెబుదామా? ఏదో ఒకటి చెబితే తగలకపోతుందా అని నాలుక కొస దాకా వచ్చింది. పక్కనుంచి టీచరమ్మ నా చెయ్యి నొక్కనూ లేదు, వదలనూ లేదు. ఆమెకూ తెలియదు కదా.

"నాకేం వినపడలేదు నాయనా. తెలీదు. విప్పి చూస్తే గానీ చెప్పలేను" అన్నాను. ఓడిపోయాననే అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనకనుంచి నాయన నవ్వు వినిపించింది. పంట బాగా వచ్చిన ఏడాది తప్ప ఆయన అలా నవ్వడం నేనెరగను. "దాన్ని నేను ముట్టుకోలేదులే పాపా. ఏదో ఒకటి కల్పించి చెప్తావేమోనని చూస్తి."

టీచరమ్మ లేచి నిలబడింది. నాయన ఎదురుగా పోయి, "విన్నావా అప్పా? తెలీదు అనింది. బెల్టు, సూది ఎవరైనా నేర్పుతారు. తెలియనిదాన్ని తెలీదనడం నేర్పనీకి నాకు రెండేండ్లు పట్టింది" అంది. రెండేళ్లలో ఆమె నన్ను నోరారా మెచ్చుకోవడం అదే మొదలు.

నాయన అప్పుడు కూడా సరేననలేదు. రవిక మడిచి చంకలో పెట్టుకుని, "పోయొస్తామమ్మా" అని బయల్దేరాడు. సగం దారిలో సైకిలు ఆపాడు. "ఆ కాగితం తీ" అన్నాడు. సీటు మీద కాగితం పరిచి, పెన్సిలు గీత మీద పెన్నుతో దిద్దమని నాకిచ్చి, నేను మెకానికల్ అని దిద్దాక కింద తన సంతకం పెట్టాడు. "లారీ కింద మాత్రం పడుకోవద్దు" అన్నాడు. ఆ రవిక చేతులు విప్పి మళ్లీ అతికించుకుని అవ్వ చాలా రోజులు వేసుకుంది. ఎవరైనా అడిగితే, "మా మనమరాలు కుట్టింది, ఇంజనీరు" అనేది. అప్పటికి నేను పరీక్ష కూడా రాయలేదు.

పాలిటెక్నిక్ మెకానికల్ బ్రాంచిలో నేనొక్కదాన్నే ఆడపిల్లను. లేత్ దగ్గర నిలబడటానికి వెనకాడిన రోజు ఒక్కటీ లేదు. చదువు అయ్యాక హిందూపురంలో ఈ ఉద్యోగం వచ్చింది, ఆ సంగతి టీచరమ్మకు ఉత్తరం రాశాను. కొన్నేళ్లకు ధర్మవరం వాళ్లింటికి కోడలినయ్యాను. ఇక్కడ మాత్రం నేను సిగ్గుపడ్డ సంగతి ఒకటి చెప్పుకోవాలి.

పెళ్లయిన కొత్తలో హిందూపురంలో అత్తవైపు బంధువుల పెళ్లికి నేనూ అత్తా ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాం. పెళ్లిలో నలుగురూ నా చేతులు చూస్తారని, ముందురోజు పది గోళ్లకూ ముదురు ఎర్రరంగు పూసుకున్నాను. అత్త పూసుకోమనలేదు. ఆమెకు నా గోళ్ల పట్టింపే లేదు. సిగ్గంతా నాదే.

పెట్టెలో ఎదురుసీటులో టీచరమ్మ కూర్చుని ఉంది! రిటైరైంది, జుట్టు తెల్లబడింది, గడియారం మాత్రం అదే. నన్ను గుర్తుపట్టింది గానీ కుశలమడగలేదు. "చెయ్యి చూపు" అంది.

నేను పిడికిలి బిగించాను. ఆమె నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, ఒక్కో వేలూ నెమ్మదిగా విప్పింది. ఎర్రగోళ్లు చూసి చింతకాయ మొహం పెట్టింది.

"ఇదేంది మే? మళ్లీ కుంకుమ పోసినావా?"

"పెళ్లికి పోతాండాము టీచరమ్మా, గోళ్లు నల్లగా ఉండాయని..."

సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసింది. దాని కొసతో, చర్మానికి తగలకుండా, నా బొటనవేలి రంగును పెచ్చులు పెచ్చులుగా గీకడం మొదలుపెట్టింది. బండి కదులుతూనే ఉంది, ఆమె చెయ్యి మాత్రం కదల్లేదు. రంగు పోయిన చోట గోరు కింద నల్లగీత బయటపడింది. ఆమె ఆ వేలిని పైకెత్తి, పెట్టెలోని ఆడవాళ్లందరికీ చూపించింది.

"చూడండమ్మా. ఇది నా పిల్ల చెయ్యి. ఫ్యాక్టరీలో ఎన్ని మిషన్లుండాయో అన్నీ ఈ చేతి మీదనే తిరుగుతాండాయి. దీనికి రంగు పూస్తాదంట!"

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. పెనుకొండ కొండ కిటికీలో కనిపించేసరికి కుడిచేతి ఐదు గోళ్లూ అయిపోయాయి. టీచరమ్మ స్క్రూడ్రైవర్ తుడుచుకుని సంచిలో పెట్టబోయింది. అంతసేపూ మాట్లాడకుండా చూస్తున్న అత్త నా ఎడమచెయ్యి పట్టుకుని ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇది మాత్రం ఏం పాపం చేసింది టీచరమ్మా?"

హిందూపురంలో దిగేసరికి నా గోళ్లకు రంగు లేదు. ఆ రోజు పెళ్లిలో తాంబూలం రెండు చేతులూ చాపి తీసుకున్నాను.